పాత టోపోషీటు, కొత్త శాటిలైట్ బొమ్మ: కొండపల్లి అడవి పెరిగిందా, తగ్గిందా?

#1 ఎత్తుగడ్డ

నా దగ్గర సర్వే ఆఫ్ ఇండియా పాత టోపోషీటు (కొండలు, ఊళ్లు, అడవులు చూపే పటం) 65డి/10, 1:50,000 స్కాన్ ఉంది. విజయవాడ, ఇబ్రహీంపట్నం, కొండపల్లి అన్నీ అందులోనే. క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో జియోరెఫరెన్స్ చేసి, అంటే స్కాన్‌ని అక్షాంశ రేఖాంశాల్లో కూర్చోబెట్టి, సెంటినెల్-2 ఉపగ్రహం బొమ్మ మీద వేస్తే రైలు పట్టాలు, చెరువు కట్టలు, కోట గోడ అన్నీ ఒకే దిక్కుకి, ఆగ్నేయంగా, రెండు వందల మీటర్ల దాకా జరిగి ఉన్నాయి. ఇది మొదటి తలనొప్పి.

రెండోది: షీటులో పచ్చగా ఉన్నంత మేర గీసి విస్తీర్ణం తీశాను. ఈ ఏడు నవంబరు బొమ్మలో ఎన్‌డీవీఐ (ఎరుపు, ఇన్‌ఫ్రారెడ్ విలువల నుంచి లెక్కగట్టే పచ్చదనం సూచిక) 0.4 దాటిన పిక్సెళ్లన్నీ కలిపి ఇప్పటి అడవి అనుకున్నాను. పోల్చి చూస్తే అడవి పెరిగిందని వస్తోంది! కొండ కింద నిలబడి చూసేవాడెవడూ ఈ మాట నమ్మడు. తప్పెక్కడ పడిందో చెప్పగలరా?

#2 గొలుసు_లింకు

మొదటిదానికి జవాబు సులువండి. అన్నీ ఒకే దిక్కుకి ఒకే దూరం జరిగాయంటే అది డేటమ్ (భూమి ఆకారానికి ఏ నమూనా తీసుకుని కొలిచారన్నది) తేడా, మీ క్లిక్కుల తప్పు కాదు. పాత షీట్లు ఎవరెస్ట్ గోళాభం మీద గీసినవి. మీరు అంచున ఉన్న అక్షాంశ రేఖాంశాలు టైపు చేసి, సీఆర్ఎస్ (నిర్దేశాంక పద్ధతి) దగ్గర జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84 ఎంచుకుని ఉంటారు. మన ప్రాంతంలో ఆ రెంటికీ తూర్పు పడమరల్లో సుమారు 170 మీటర్లు, ఉత్తర దక్షిణాల్లో సుమారు 125 మీటర్లు తేడా. కలిపితే 210 మీటర్ల చిల్లర, ఆగ్నేయంగానే.

చేయాల్సింది: జియోరెఫరెన్సర్‌లో టార్గెట్ సీఆర్ఎస్‌గా ఈపీఎస్‌జీ (సీఆర్ఎస్‌ల జాబితా నంబరు) 4146, అంటే కళ్యాణ్‌పూర్ 1975 పెట్టండి. ఆ తర్వాత ఈపీఎస్‌జీ 32644కి, అంటే యూటీఎం 44 ఉత్తర జోన్‌కి వార్ప్ చేయండి. మార్చేటప్పుడు క్యూజీఐఎస్ ఏ ట్రాన్స్‌ఫర్మేషన్ వాడాలని అడుగుతుంది. 295, 736, 257 అనే మూడు అంకెలున్నది ఎంచుకోండి. "బాల్‌పార్క్" అని ఉన్నది ఎంచుకుంటే డేటమ్ మార్పు అసలు జరగదు, మళ్లీ అదే 210 మీటర్లు.

కొత్త ఓపెన్ సిరీస్ షీట్లకు ఈ గొడవ లేదు. 2005 మ్యాప్ పాలసీ తర్వాతివి డబ్ల్యూజీఎస్ 84, యూటీఎంలోనే వస్తాయి. సర్వే ఆఫ్ ఇండియా పోర్టల్‌లో లాగిన్ అయితే పీడీఎఫ్ దొరుకుతుంది. పాతదాన్ని కొత్తదాని మీద వేసి ముందు ఈ జరుగుడు పోయిందో లేదో చూసుకోండి, అడవి సంగతి ఆ తర్వాత.

#3 ఎత్తుగడ్డ

4146 పెట్టాను, కుదురుకుంది. కానీ నాలుగు మూలల్లోనే పాయింట్లు ఇచ్చాను. ఇప్పుడు నడిమధ్యలో 30 మీటర్ల తేడా కనిపిస్తోంది. థిన్ ప్లేట్ స్ప్లైన్ అనే సాగదీత పద్ధతి పెడితే ఎర్రర్ సున్నా చూపిస్తోంది. అదే ఉంచేయనా?

#4 గొలుసు_లింకు

వద్దు వద్దు. థిన్ ప్లేట్ ప్రతి పాయింటునీ మీరు చెప్పిన చోటికే లాక్కెళ్లి కూర్చోబెడుతుంది. అందుకే సున్నా. ఒక పాయింటుకి 80°35′ బదులు 80°53′ కొట్టినా సున్నాయే చూపిస్తుంది, పటం మాత్రం చిరిగిన గుడ్డలా సాగుతుంది.

షీటు 15 నిమిషాలది. లోపల 5 నిమిషాలకొక గీత ఉంటుంది కాబట్టి 4 × 4 = 16 కూడళ్లు. పదహారూ ఇవ్వండి. పాలినామియల్ 2 (పటాన్ని కాస్త వంచనిచ్చే పద్ధతి) వాడండి. 1 ఎందుకు వద్దంటే, ఉత్తరానికి పోయేకొద్దీ రేఖాంశాలు దగ్గరవుతాయి. 65డి/10 కింది అంచు (16°30′) పొడవు దాదాపు 26.69 కిలోమీటర్లు, పై అంచు (16°45′) 26.66. అంటే 35 మీటర్ల తేడా. డిగ్రీల్లో చదరంగా ఉన్నది కాగితం మీద చదరం కాదు. పాలినామియల్ 1 ఆ తేడాను మూలలకు పంచేస్తుంది.

స్కాన్ 300 డీపీఐ అయితే ఒక పిక్సెల్ 4.2 మీటర్లు. పదహారు పాయింట్లతో సగటు ఎర్రర్ 3 పిక్సెళ్ల లోపు, అంటే 12 మీటర్ల లోపు రావాలి. ఒక్క పాయింటే 8, 10 చూపిస్తుంటే టైపింగ్ తప్పు. ఒక అంచు పొడవునా అన్నీ 5, 6 చూపిస్తుంటే కాగితం ముడత, లేదా స్కానర్‌లో షీటు జారింది.

కాగితాన్ని ముందే పరీక్షించే దారి ఒకటుంది. స్కేలు పెట్టి లోపలి గడి కొలవండి. 65డి/10 అయితే కింది అంచు 53.4 సెంటీమీటర్లు, నిలువు 55.3 ఉండాలి. 52.8 వచ్చిందంటే ఒక శాతం పైన కుంచించుకుపోయింది. రెండు దిక్కులా ఒకే పాళ్లలో తగ్గితే ఫరవాలేదు, జియోరెఫరెన్సింగ్ సర్దేస్తుంది. అడ్డం తగ్గి నిలువు పెరిగితే అది జిరాక్స్ మెషీన్ రోలరు లాగిన కాపీ. వేరే స్కాన్ వెతుక్కోవడమే మంచిది.

నలుపు తెలుపు జిరాక్స్ అయితే అసలు ముట్టుకోకండి. సాగుభూమి పసుపు, అడవి పచ్చ రెండూ ఒకే బూడిదరంగులో కలిసిపోతాయి.

#5 తెల్లపొణికి

ఎత్తుగడ్డ గారూ, మీ రెండో ప్రశ్నే అసలైనది. మీరు మూడు వేరు వేరు వస్తువుల్ని "అడవి" అనే ఒకే పేరుతో పిలుస్తున్నారు.

షీటులో ఆర్.ఎఫ్. అని రాసి చుక్కల గీతతో చుట్టినది చట్టం హద్దు. దాని లోపల బోడిగుట్ట ఉన్నా అది రిజర్వు ఫారెస్టే. మన జిల్లాల్లో పాతవి 1882 మద్రాసు అటవీ చట్టం కింద వచ్చినవి, తర్వాతివి 1967 ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం కింద. పచ్చరంగు అంటే సర్వేయరు వచ్చిన రోజున అక్కడ చెట్టో పొదో ఉందన్నమాట. ఈ రెండూ ఒకదాని మీద ఒకటి పడతాయి గానీ ఒకటి కాదు. మూడోది ఎన్‌డీవీఐ. ఆ రోజున ఆకు ఎంత పచ్చగా ఉందో చెబుతుంది, అది ఏ ఆకో చెప్పదు.

పచ్చరంగు మీద నల్లక్షరాలు చదివారా? "డెన్స్ మిక్స్‌డ్ జంగిల్", "ఫెయిర్లీ డెన్స్", "ఓపెన్ జంగిల్", "ఓపెన్ స్క్రబ్" అని ఉంటుంది. ఆ మాటలే అసలు సమాచారం. ఇబ్బంది ఏమంటే ఆ మాటకి గీత ఉండదు. ఎక్కడ డెన్స్ ఆగి ఎక్కడ స్క్రబ్ మొదలైందో షీటు చెప్పదు. కాబట్టి వాటిని పాలిగన్‌గా, అంటే చుట్టూ మూసిన హద్దుగా, గీయకండి. మాట ఉన్న చోట ఒక పాయింటు పెట్టి, ఆ మాటని అట్రిబ్యూటుగా రాసుకోండి, చాలు.

ఇక మీకు "పెరిగిన" అడవి. ఇబ్రహీంపట్నం, జి.కొండూరు, మైలవరం వైపు మామిడి తోటలు, సుబాబుల్, జామాయిల్, కాలువ గట్ల మీదా బీళ్లలోనూ సర్కారు తుమ్మ. నవంబరులో ఇవన్నీ 0.4 అవలీలగా దాటతాయి. వరి కూడా దాటుతుంది! మీరు లెక్కపెట్టింది అడవిని కాదు, పచ్చదనాన్ని.

#6 బందరుకాలువ

తెల్లపొణికి గారితో ఏకీభవిస్తూనే ఒక మాట. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా లెక్కలోనూ ఇదే కథ. హెక్టారుకి మించి, 10 శాతం పైన చెట్ల నీడ ఉంటే భూమి ఎవరిదైనా, చెట్టు ఏదైనా అది ఫారెస్ట్ కవరే. తోటలూ వస్తాయి. 70 పైన వెరీ డెన్స్, 40 నుంచి 70 మోడరేట్, 10 నుంచి 40 ఓపెన్, 10 లోపు స్క్రబ్. స్క్రబ్ ఫారెస్ట్ కవర్ మొత్తంలోకి రాదు. సర్వేయరు పచ్చరంగు వేసి "ఓపెన్ స్క్రబ్" అని రాసిన గుట్ట ఈ లెక్కలో అడవే కాదు. టోపోషీటు పచ్చని నేరుగా వాళ్ల జిల్లా అంకెతో తీసివేస్తే వచ్చేదానికి అర్థం లేదు.

పైగా 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. కొండపల్లి ఎన్టీఆర్ జిల్లాలోకి, కొండవీడు పల్నాడులోకి వెళ్లాయి. పాత గుంటూరు జిల్లా అంకెకీ కొత్త గుంటూరు జిల్లా అంకెకీ పోలిక పెట్టి "సగానికి సగం అడవి మాయం" అని వాట్సాప్‌లో తిరిగేవి చూస్తూనే ఉన్నాం.

బొమ్మల విషయంలో జాగ్రత్తలు కొన్ని.

నెల: మన కొండలవి ఆకురాల్చే అడవులు. ఫిబ్రవరి నుంచి ఆకు రాలుతుంది, ఏప్రిల్‌లో కొండ గోధుమరంగు. 1990 మార్చి బొమ్మనీ 2023 నవంబరు బొమ్మనీ పోల్చితే అడవి మూడింతలు పెరిగినట్టు కూడా రావచ్చు. రెండు బొమ్మలూ ఒకే నెలవి, కుదిరితే ఒకే పక్షంలోవి తీసుకోండి. నవంబరు చివర నుంచి జనవరి మొదటి వారం దాకా బాగుంటుంది, వాయుగుండాల మబ్బులు అడ్డురాకపోతే. ఇంకో కిటుకు: ఒకే ఏడాది డిసెంబరు, ఏప్రిల్ బొమ్మలు రెండూ పక్కపక్కన పెట్టండి. ఏప్రిల్‌లో కూడా పచ్చగా నిలిచేది తుమ్మ, జామాయిల్, మామిడి. ఎండేది సహజమైన కొండ అడవి. ఇది మన దగ్గర చాలా బాగా విడదీస్తుంది.

నీడ: శీతాకాలం ఉదయం సూర్యుడు ఆగ్నేయాన ఉంటాడు. వాయవ్యపు వాలు నీడలో పడి నల్లగా, దట్టమైన అడవిలా కనిపిస్తుంది. ఆ వాలుని వేరుగా గుర్తు పెట్టుకోండి.

అంకెలు: సెంటినెల్-2 ఫైళ్లలో 2022 జనవరి 25 నుంచి పిక్సెల్ విలువకి 1000 కలిపి ఇస్తున్నారు. అది తీసేయకుండా ఎన్‌డీవీఐ వేస్తే కొత్త బొమ్మలో విలువ ఉత్తినే తగ్గుతుంది, అడవి నరికినట్టు కనిపిస్తుంది. ల్యాండ్‌శాట్ (అమెరికా ఉపగ్రహాలు) కలెక్షన్ 2, లెవెల్ 2లో అయితే 0.0000275తో గుణించి 0.2 తీసివేసిన తర్వాతే లెక్క వేయాలి.

బ్యాండ్లు (ఎన్‌డీవీఐకి కావాల్సిన రంగుల నంబర్లు): ల్యాండ్‌శాట్ 1 నుంచి 3 వరకు ఎంఎస్ఎస్ అనే పాత స్కానరులో ఎరుపు 5, ఇన్‌ఫ్రారెడ్ 7. ల్యాండ్‌శాట్ 5లో 3, 4. ల్యాండ్‌శాట్ 8లో 4, 5. సెంటినెల్‌లో 4, 8. మన ప్రాంతానికి ల్యాండ్‌శాట్ పాత్, రో (బొమ్మల గడి నంబరు) 142/49. ఎంఎస్ఎస్ కాలపు నంబర్లు వేరు, మ్యాపు మీద గీసి వెతకండి. ల్యాండ్‌శాట్ 7లో 2003 మే 31 తర్వాతి బొమ్మల్లో చారల చారలుగా ఖాళీలుంటాయి, కొండ అంచు సరిగ్గా ఆ చారలోనే పడుతుంది. ల్యాండ్‌శాట్ 5 వాడుకోండి.

#7 ఎత్తుగడ్డ

ఆ 1000 సంగతి నాకు తెలీదు. సరిచేస్తే 0.4 గీత దాటేవి ఇంకా పెరుగుతాయన్నమాట, నా "పెరిగిన అడవి" ఇంకా పెరుగుతుంది! అయితే ఇంతకీ 1970కి ముందు అడవి ఎలా ఉందో తెలుసుకునే దారే లేదా? షీటు మాటల మీదే ఆధారపడాలా?

#8 బందరుకాలువ

ఉంది. కరోనా. వైరస్ కాదు, అమెరికా గూఢచారి ఉపగ్రహం. 1960 నుంచి 1972 దాకా ఫిల్మ్ మీద తీసిన బొమ్మలు, 1995లో బయటపెట్టారు. అమెరికా సర్వే సంస్థ యూఎస్‌జీఎస్ వెబ్‌సైటు ఎర్త్ ఎక్స్‌ప్లోరర్‌లో డీక్లాసిఫైడ్ డేటా అన్న చోట ఉంటాయి. చివరి రకం కెమెరా, కేహెచ్-4బి, రెండు మీటర్ల దాకా వివరం చూపిస్తుంది. తాటిచెట్టు నీడ, పొలం గట్టు కనిపిస్తాయి. ఎవరైనా ముందే స్కాన్ చేయించిన ఫ్రేమైతే ఉచితం, లేకపోతే స్కానింగ్ రుసుము కట్టాలి. కట్టే ముందు ప్రివ్యూ పెద్దది చేసి మబ్బు చూసుకోండి.

మెడ విరిచే పని ఏమంటే జియోరెఫరెన్సింగ్. అది పక్కలకు ఊగుతూ తీసే పనోరమా కెమెరా. పొడవాటి పట్టీలో మధ్య బాగుంటుంది, చివర్లు సాగుతాయి. పట్టీ మొత్తాన్ని ఒకేసారి కూర్చోబెట్టాలని చూడకండి. కొండ చుట్టూ 10 కిలోమీటర్ల ముక్క కోసుకుని 25, 30 పాయింట్లు ఇవ్వండి. ఇక్కడ థిన్ ప్లేట్ వాడొచ్చు, కానీ ఐదారు పాయింట్లు ఇవ్వకుండా పక్కన పెట్టుకుని, చివర్లో వాటితో తేడా కొలవండి. 10 మీటర్ల లోపు వస్తే గొప్పే.

పాయింట్లు దేని మీద పెట్టాలంటే: రైలు వంతెనలు, 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ అంచులు, కాలువ లాకులు, కోట బురుజులు, పాత గుడి గోపురాలు, చెరువు కట్ట మూలలు. కృష్ణ ఒడ్డు, లంకల అంచు మీద ఒక్కటి కూడా వద్దు. ప్రతి వరదకీ జరుగుతాయి. కొండ మీద ఎత్తున కొన్ని, కింద పల్లంలో కొన్ని ఉండాలి. అన్నీ పల్లంలోనే ఇస్తే కొండ శిఖరం పక్కకి వాలిపోతుంది.

#9 తెల్లపొణికి

ఒక చిన్న చేర్పు. కరోనా నలుపు తెలుపు. అందులో నల్లగా ఉన్నదల్లా చెట్టు కాదు. కాలిన గడ్డి, నీళ్లు నిండిన మడి, నల్లరేగడి దుక్కి అన్నీ నలుపే. చెట్టయితే గరుకుగా, చిన్న నీడతో ఉంటుంది. ఫ్రేము తీసిన తేదీ చూసి, అది కోతలయ్యాకా ముందా అని లెక్కేసుకోండి.

ఇంకోటి, థర్మల్ స్టేషన్. ఇబ్రహీంపట్నం దగ్గర మొదటి యూనిట్ 1979లో వచ్చింది. పాత షీటులో అది లేదు. ఇప్పటి బొమ్మల్లో బూడిద చెరువు తడిగా ఉంటే నీటిలా, ఎండితే ఇసుకలా, దాని గట్ల మీద తుమ్మ పెరిగితే అడవిలా వస్తుంది. ఆ ప్రాంతానికి ముందే మాస్క్ వేసేయండి, అంటే లెక్కలోంచి తీసేయండి.

#10 మిరపయార్డు

గుంటూరు వైపు నుంచి ఒక సంగతి. హద్దు గొడవలకి టోపోషీటు పట్టుకుని పోయేవాళ్లు ఎక్కువయ్యారు. టోపోషీటు హద్దు సాక్ష్యం కాదు స్వామీ, 1:50,000 మీద అర మిల్లీమీటరు గీత అంటే నేల మీద 25 మీటర్లు. ఒక పొలం అందులో కొట్టుకుపోతుంది.

అడవి హద్దు కావాలంటే గెజిట్ నోటిఫికేషన్. 1967 చట్టంలో సెక్షన్ 4 కింద ఇచ్చేది "చేయాలనుకుంటున్నాం" అని, సెక్షన్ 15 కింద ఇచ్చేది "చేశాం" అని. సెక్షన్ 4 దగ్గరే ఆగిపోయిన బ్లాకులుంటాయి, షీటులో మాత్రం ఆర్.ఎఫ్. అని ఉండొచ్చు. నోటిఫికేషన్‌తో పాటు ఊరి పటం, డైగ్లాట్ (పాత సర్వే రిజిస్టరు), అడంగల్ చూడాలి. డైగ్లాట్‌లో ఆ సర్వే నంబరు ఎదురుగా రిజర్వు ఫారెస్టు అని ఉందా, కొండ పోరంబోకు అని ఉందా, గయాళు (బీడు భూమి) అని ఉందా అన్నది తేడా. పటంలో మూడూ పచ్చగానే ఉంటాయి.

ఊరి పటం వాడుకునే వాళ్లకి: దాని మీద అక్షాంశాలుండవు. 16 అంగుళాలకు మైలు అని ఉంటే 1:3,960. 8 అంగుళాలకు మైలు అయితే 1:7,920. కొలతలు గొలుసుల్లో, లింకుల్లో ఉంటాయి. గొలుసు 20.12 మీటర్లు, వంద లింకులు. పది చదరపు గొలుసులు ఎకరం. కూర్చోబెట్టడానికి మూడు ఊళ్ల పొలిమేరలు కలిసే ట్రైజంక్షన్ రాళ్లు వాడండి, నేల మీద రాయి ఇంకా ఉంటే. రాయి లేకపోతే చెరువు కట్ట, పాత డొంక మలుపు. డొంకలు ఆశ్చర్యంగా కదలవు.

#11 గొలుసు_లింకు

మిరపయార్డు గారు 25 మీటర్లన్నారు కదా, అది విస్తీర్ణం లెక్కలో ఏం చేస్తుందో చూడండి. 4 చదరపు కిలోమీటర్ల అడవి ముక్క, చుట్టుకొలత 10 కిలోమీటర్లు అనుకుందాం. గీత మందం, జియోరెఫరెన్సింగ్, సర్వేయరు వంకరల్ని నున్నగా గీయడం అన్నీ కలిపి 50 మీటర్లు అటూ ఇటూ అనుకుంటే, 10 × 0.05 = 0.5 చదరపు కిలోమీటరు. అంటే పన్నెండున్నర శాతం. ఆ లోపు వచ్చే పెరుగుదల గానీ తగ్గుదల గానీ చెప్పడానికి పనికిరాదు. చిన్న ముక్కలకి ఇంకా దారుణం.

అందుకే పాలిగన్‌ల తీసివేత మానేసి పాయింట్లతో చేయండి. రిజర్వు హద్దు లోపల క్యూజీఐఎస్‌లో 200 ర్యాండమ్ పాయింట్లు వేయండి. ఒక్కోదానికి మూడు నాలుగు గళ్లు: కరోనా ఏడు, గూగుల్ ఎర్త్ పాత బొమ్మ, ఇప్పటిది. ప్రతి గడిలో వీటిలో ఒకటి రాయండి: దట్టం, పలుచన, పొద, బోడి, క్వారీ, రోడ్డు లేదా కట్టడం, తోట, చెప్పలేం. చివరిది తప్పకుండా ఉంచండి. అది లేకపోతే మనసు ఏదో ఒకటి అనేస్తుంది. తర్వాత ఏది ఏదిగా మారిందో పట్టిక వేయండి. 200 పాయింట్లలో 30 శాతం ఒక రకం అని వస్తే అసలు విలువ 24, 36 మధ్య ఉన్నట్టు. ఇంకా కచ్చితం కావాలంటే పాయింట్లు నాలుగింతలు చేస్తే ఆ ఎడం సగమవుతుంది.

ఒక్క హెచ్చరిక. కొత్త బొమ్మ ముందు చూసి పాతది తర్వాత చూడకండి. పాతది పూర్తిగా గుర్తించాకే కొత్త లేయరు ఆన్ చేయండి.

#12 నాగాయలంక_రేవు

మడ అడవుల వాళ్లకి పై పద్ధతి యథాతథంగా పనికిరాదు. కృష్ణా ముఖద్వారం షీట్లు 66ఎ/13, 66ఇ/1. అక్కడ హద్దే కదులుతుంది. దిబ్బ పెరిగి మడ ముందుకి పోతుంది, వెనక రొయ్యల చెరువు తినేస్తుంది. మొత్తం విస్తీర్ణం అంతే ఉందని రావచ్చు, ఉన్న చోటు మాత్రం వేరు. కాబట్టి సముద్రం వైపు మార్పు, ఊరి వైపు మార్పు విడివిడిగా కొలవండి.

ఆటుపోటు చూసుకోండి. పోటు మీద తీసిన బొమ్మలో పొట్టి మడ సగం మునిగి ఉంటుంది. 1977 నవంబరు 19 ఉప్పెనకి ముందూ తర్వాతా ల్యాండ్‌శాట్ ఎంఎస్ఎస్ బొమ్మలు వెతుక్కోవచ్చు గానీ పిక్సెల్ 60 మీటర్లు, సన్నటి కాలువ గట్టు మడ అందులో కనిపించదు. అభయారణ్యం ప్రకటించింది 1989లో, రొయ్యల చెరువుల జోరు ఆ తర్వాతే. 30 మీటర్ల బొమ్మలు 1980ల చివరి నుంచే ఉన్నాయి కాబట్టి ఈ మార్పు మాత్రం బాగా దొరుకుతుంది. చెరువు చదరపు అంచు ఎక్కడా దాగదు.

#13 ఎత్తుగడ్డ

గ్లోబల్ ఫారెస్ట్ చేంజ్ (ఉపగ్రహ బొమ్మలతో ప్రపంచమంతా చెట్ల నష్టం చూపే పటం) లేయరు వేసి చూశాను. నందిగామ వైపు ఎర్ర చుక్కలే చుక్కలు, అడవి నరికినట్టు. అక్కడ అంత అడవి లేదు కదా?

#14 తెల్లపొణికి

సుబాబుల్ అండి. ఐదు మీటర్లు దాటిన చెట్టు దానికి అడవే. మూడు నాలుగేళ్లకోసారి కాగితం మిల్లుకి కొడతారు, అది "నష్టం" అవుతుంది. మోడు నుంచి మళ్లీ చిగురిస్తుంది, అది మాత్రం ఏడాది వారీగా చూపించరు. ఆ లేయరుని రిజర్వు హద్దు లోపలికి కత్తిరించుకుని చూడండి, చాలావరకు చుక్కలు పోతాయి.

కొండపల్లి చెక్కబొమ్మలు చేసే తెల్లపొణికి లాంటి ఒక్క జాతి ఎంత మిగిలిందో ఏ లేయరూ చెప్పదని కూడా గుర్తుంచుకోండి. ఆ చెక్కబొమ్మల వాళ్లు కొట్టుకెళ్లాక కూడా నీడ శాతం అంతే ఉంటుంది.

#15 మిరపయార్డు

కొండవీడు ఎవరైనా మొదలుపెడితే ముందే చెబుతున్నా. కోట సరిగ్గా 16°15′, 80°15′ కూడలి పక్కనే ఉంది. ఒక్క 65డి/7 తెచ్చుకుంటే కొండ అంచులో తెగిపోతుంది. 65డి/3, 4, 7, 8 నాలుగూ కావాలి. అతికించే ముందు ప్రతి షీటు మార్జిన్‌లో సర్వే చేసిన ఏడు చదవండి, అచ్చయిన ఏడు కాదు. నాలుగింటికీ ఒకే ఏడు కాకపోతే అతుకు గీత దగ్గర పచ్చరంగు హఠాత్తుగా ఆగిపోతుంది. దాన్ని అడవి నరికిన హద్దు అనుకునే ప్రమాదం ఉంది. ప్రతి పాయింటుకీ అది ఏ షీటులోదో ఒక కాలమ్ పెట్టుకోండి.

#16 ఎత్తుగడ్డ

పెట్టాను. కొండపల్లికి 200 పాయింట్లు వేశాను, కరోనా ఫ్రేము ఆర్డరు చేశాను. ఒక సందేహం: ఒక పాయింటు సరిగ్గా క్వారీ అంచున, సగం బండ సగం పొద మీద పడింది. ఏమని రాయాలి?

#17 గొలుసు_లింకు

పాయింటు చుట్టూ 15 మీటర్ల వృత్తం గీసి, అందులో ఎక్కువ ఏదుంటే అది. అన్ని ఏళ్లకీ అదే వృత్తం, అదే నియమం. సగం సగం అనిపిస్తే "చెప్పలేం".